అందరి మీదా ఒకటే దుమ్ము

ఫిబ్రవరి 9

పోస్టరు వచ్చేసింది. మా జిరాక్సు షాపు ఓనరు భోజనానికి వెళ్ళగానే నేనే తీశాను. పైన లావు అక్షరాలతో "ఈ మనిషిని తిన్నదెవరు?" కింద నాన్న ఫొటో. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒక చెయ్యి ఎవరినో పిలుస్తున్నట్టు గాల్లోకి లేచింది. ఫొటో తీస్తూ అలవాటుగా "కదలకు నాన్నా" అన్నాను. కదలకుండా ఉండగలిగితే ఈ పోస్టరెందుకు? నా నోరు నేనే కుట్టేసుకోవాలి.

నాన్న పనిచేసింది పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో. కొలిమి దగ్గర. నేను పుట్టకముందు నుంచీ అక్కడే. సీసం నరాల్ని తినేస్తుంది. ఇది నేను పుట్టించిన మాట కాదు, ఆరోగ్య శాఖ కరపత్రంలో ఉంది. కట్టలు కట్టలుగా కాపీలు తీసింది నేనే, చదవకుండా ఎలా ఉంటాను? ఇప్పుడు నాన్న కాళ్ళూ చేతులూ ముఖమూ ఆయన మాట వినడం మానేశాయి. మాట ముద్దగా వస్తుంది. మేనేజరు ఆయనకి "డాన్సు మాస్టరు" అని పేరు పెట్టి, తాగి పనికొస్తున్నాడని చెప్పి గెంటేశాడు. మందు వాసన వస్తే ముక్కు మూసుకునే మనిషిని!

ఇంకేం రుజువు కావాలి?

ఫిబ్రవరి 12

పోస్టర్లు అతికించాం, నేనూ బాబాయీ. బాబాయ్ అంటే నాన్న తోడబుట్టినవాడు కాదు. కొలిమి దగ్గర ఆయన పక్కన ఇన్నేళ్ళూ నిలబడినవాడు. అంతకంటే దగ్గర చుట్టం మాకు లేడు.

"మీ నాన్నని ఇంత తెల్లగా ఎప్పుడూ చూళ్ళేదురా. తోమి తీశావా ఫొటో?" అన్నాడు జిగురు పూస్తూ. "షెడ్డులో ఆయన పళ్ళు నవ్వితేనే మనిషున్నాడని తెలిసేది."

రెండో వీధి మలుపులో బాబాయ్ కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. కడుపులో ఎవరో తాడు పేనుతున్నట్టుంటుందట. చిగుళ్ళ మీద నల్లటి గీత, సీసానికి గుర్తు. ముఖం పాలిపోయింది. ఆయన లేచేదాకా నేను ఒక్కణ్ణే అతికించాను. ఒక ఇంటావిడ పిల్లల్ని లోపలికి పిలిచింది. "రండ్రా, కరపత్రం వచ్చింది. దొరికితే వదలడు."

నన్ను కరపత్రం అంటారు. అననీ. చినిగినా చదివేవాళ్ళు చదువుతారు.

ఫిబ్రవరి 15

లేబరాఫీసులో అర్జీ ఇచ్చాం. మొదటి పేరు నాన్నది. తర్వాత బాబాయిది, మిగతా కొలిమివాళ్ళవి. కోరికలు నేనే రాశాను. పొగ బయటికి పోయే గొట్టం, ముఖాలకి మాస్కులు, ఇంటికెళ్ళే ముందు స్నానానికో గది, అందరికీ రక్తపరీక్ష, పడిపోయినవాళ్ళకి వైద్యం. ఇందులో గొంతెమ్మ కోరిక ఏదన్నా ఉందా?

గుమాస్తా అర్జీ అంతా చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"అందరి మీదా ఒకటే దుమ్ము కదా బాబూ. మిగతావాళ్ళకి కడుపునొప్పి, నీరసం అని రాశావు. ఇలా చెయ్యీ కాలూ ఆడేది మాత్రం ఈయనొక్కడికే. ఎందుకంటావ్?"

బల్ల గుద్దాను. సిరాబుడ్డి పడింది. ఏమన్నానో అంతా గుర్తులేదు గానీ "మీలాంటివాళ్ళ వల్లే" అని మొదలైంది. బాబాయ్ నా చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు.

"ఒరే, అడిగింది మనిషైతే బల్లని కొడతావేంట్రా? దానికేం తెలుసు పాపం?"

ఫిబ్రవరి 16

ఆ గుమాస్తా మేనేజరుకి అమ్ముడుపోయాడు.

ఫిబ్రవరి 17

జవాబు దొరికింది. అన్యాయం ఎప్పుడూ బలహీనుణ్ణి ముందు తింటుంది.

కానీ నాన్న బలహీనుడు కాదు. ఇద్దరు మోసే సీసం దిమ్మని ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. బాబాయే చెప్తాడు.

మరి?

ఫిబ్రవరి 20

కాగితాల కట్ట చేతిలోంచి జారి ఓనరు పాదం మీద పడింది. కట్టకి చుట్టే ప్లాస్టిక్ మరీ నున్నగా ఉంటుంది. ఈమధ్య కంపెనీ మార్చారు.

ఫిబ్రవరి 23

అక్క నాన్నని పెద్దాసుపత్రికి, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాడు పక్కవాణ్ణి గుద్దబోతే తన కాలికింద ఉన్న రెండో బ్రేకు నొక్కడం ఆవిడ ఉద్యోగం.

"ఎందుకు తీసుకెళ్ళడం? జబ్బేంటో తెలుసుగా" అన్నాను.

"నీకు తెలుసు. డాక్టరుకి కూడా తెలియాలిగా."

"డాక్టర్లు ఎవరి పక్షమో నాకు తెలుసు."

"ఒరేయ్, నీ నోటికి కూడా నా కాలికింద ఒక బ్రేకు పెట్టించుకోవాల్సింది. ఆయన ముద్ద మింగలేకపోతున్నాడు, చూశావా? పోస్టరులో మింగక్కర్లేదు. ఇంట్లో మింగాలి."

అమ్మ మాత్రం నాన్న మూతి తుడుస్తూనే ఉంది. తుడిచిన మూతినే మళ్ళీ తుడిచింది.

ఫిబ్రవరి 25

డాక్టరు ఒక ఆవిడ. నాన్నని నడవమంది. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి బొటనవేలికి తాకించమంది. నాలుక బయట పెట్టి అలాగే ఉంచమంది. నాన్న నాలుక బయటికొచ్చి, దొంగలా లోపలికి పోయింది. నాన్నకి నవ్వొచ్చింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

"సీసం పరీక్ష చెయ్యండి" అన్నాను.

"చేస్తాం. ఇంకోటి కూడా చేస్తాం. ఈయన నాన్నగారు ఎలా పోయారు?"

"తాగి" అన్నాను. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. తాత తాగుబోతు. వీధిలో ఊగుతూ నడిచి, ఒకరోజు కాలవలో పడి పోయాడు.

డాక్టరమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ కిటికీ వైపు చూసింది.

మార్చి 6

రాయాలి. వరసగా రాయాలి.

డాక్టరమ్మ మమ్మల్ని నలుగురినీ కూర్చోబెట్టింది. నాన్న ఒప్పుకున్నాడు, అందరి ముందూ చెప్పమన్నాడు. ఒంట్లో సీసం ఉందట. కానీ మిగతా పనివాళ్ళ కంటే తక్కువే ఉండొచ్చట, పని మానేసి చాన్నాళ్ళయింది కాబట్టి. ఆయన జబ్బు అది కాదట. హంటింగ్టన్ అంది. పుట్టుకతో వచ్చేది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుందట, అందులో ఒకచోట ఒకే మాట అవసరానికి మించి మళ్ళీ మళ్ళీ మళ్ళీ పడిందట.

మా మిషన్ ఒక్కోసారి ఇరుక్కుని ఒకే గీతని కాగితం నిండా లాగుతుంది. అలాగా అని అడిగాను.

"దాదాపు అలాగే."

"ప్రతి కణంలోనూ అన్నారు. మరి చర్మం బాగానే ఉంది. గుండె బాగానే ఉంది. తప్పు అన్నిట్లో ఉంటే చచ్చేది మెదడులో ఒక మూల కణాలేనా? అన్నిటికీ ఒకటే అయితే, అవే ఎందుకు?"

అడిగాక నా చెవికే తెలిసింది, ఇది ఆ గుమాస్తా ప్రశ్న.

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "పూర్తి జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు బాబూ. కొంత తెలుసు. మెదడు లోపల, కదలికల్ని అదుపులో పెట్టే చోటు ఒకటుంది. అక్కడి కణాల్లో ఒక రకం ముందు పోతాయి. విచిత్రం ఏంటంటే, వాటి పక్కనే, అదే చోట, వేరే రకం కణాలు చాలావరకు నిలబడే ఉంటాయి."

"ఎందుకని?"

"పోయేవాటికి పని ఎక్కువ. పైనుంచి ఆజ్ఞలు ఎడతెరిపి లేకుండా వాటి మీదే పడుతుంటాయి. ఆ పనికి బోలెడంత శక్తి కావాలి. పైగా వాటిని బతికించే పోషణలో చాలావరకు అవి సొంతంగా తయారుచేసుకోలేవు, దూరం నుంచి వేరే కణాలు పంపాలి. ఈ జబ్బులో ఆ పంపకం తగ్గిపోతుంది. ఇంకొకటి, చర్మంలో పాత కణం పోతే కొత్తది వస్తుంది. వీటి స్థానంలో కొత్తవి రావు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా అవే. లోపల చెత్త పేరుకుంటే మొయ్యాల్సిందే. ఇవన్నీ కలిసి అనుకుంటున్నాం. ఏది ఎంత అన్నది ఇంకా తేలలేదు."

నాన్న నోరు తెరిచాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. అందరం ఆగాం.

"వాటికి... యూనియన్... లేదా?" అన్నాడు.

అక్క ఏడుస్తూ నవ్వింది.

తర్వాత డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ తిరిగింది. పిల్లల్లో ఒక్కొక్కరికి రావడం, రాకపోవడం సగానికి సగం. బొమ్మా బొరుసా. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది, తొందరేమీ లేదు అంది. మామూలుగా నడివయసులో బయటపడుతుందట. తండ్రి వైపు నుంచి వస్తే కొందరికి ముందే రావచ్చట.

నేను లేచి వచ్చేశాను.

మార్చి 7

అమ్ముడుపోయింది. ఆవిడ కూడా. షెడ్డు యజమానికి ఆసుపత్రిలో ఎంతమంది తెలిసినవాళ్ళుంటారో. పేదవాడి జబ్బుకి పేదవాడి రక్తమే కారణమంటే ఎంత హాయి వాళ్ళకి!

మార్చి 7, మళ్ళీ

అమ్మని అడిగాను. తాత సంగతి.

అమ్మ చాలాసేపు గిన్నెలు తోమింది. తర్వాత, "మీ తాత చుక్క ముట్టలేదురా" అంది.

"మరి అందరూ..."

"ఊగుతూ నడిస్తే తాగాడంటారు. తాగుబోతు ఇల్లు అంటే సిగ్గే. కానీ ఆ ఇంటి పిల్లల్ని చేసుకుంటారు. వంశంలో తేడా ఉందంటే చేసుకోరు. మీ నాయనమ్మ ఆలోచించి ఆలోచించి తాగుబోతనే మాటే ఉంచేసింది. పోయేముందు నాకొక్కదానికే చెప్పింది. అప్పటికే నువ్వు నడుస్తున్నావు."

"ముందే తెలిస్తే?"

"ముందే తెలిస్తే మీరిద్దరూ ఉండేవాళ్ళు కాదు." గిన్నె బోర్లించింది. "తెలియకపోవడమే మంచిదయిందని నేను అనకూడదు. కానీ అనుకుంటాను."

మార్చి 8

ఏమీ లేదు.

మార్చి 9

కొత్త కరపత్రం రాయడం మొదలుపెట్టాను. "మెదడులోనూ మురికివాడ ఉంది! ఎక్కువ పనిచేసే కణమే ముందు చస్తుంది! పైవాడి ఆజ్ఞలు, దూరపు తిండి, కూడబెట్టిన చెత్త!" చాలా బాగా వస్తోంది. చేతిరాత కొంచెం వంకరగా వస్తోంది, ఈ కలం మంచిది కాదు.

అక్కకి చదివి వినిపించాను.

"బాగుంది. ఇప్పుడు ఆ కణాలు సమ్మె చెయ్యాలా?"

"ఎగతాళి చెయ్యకు. ఇందులో నిజముంది."

"ఉంది. కానీ మనం ఏం చెయ్యాలో అందులో లేదు. నీకు జబ్బొస్తే కూడా ఎవరిదో తప్పని తేల్చేదాకా ఒప్పుకోవు కదరా నువ్వు?"

నేను కాగితం ఉండచుట్టి గోడకేసి కొట్టాను. గోడకి తగలలేదు.

మార్చి 11

రెండో విడత పోస్టర్లు అతికించాం. బాబాయ్ చెయ్యి పైకి లేవక, గోడలో సగం ఎత్తులోనే అంటించాడు. "పొట్టివాళ్ళు చదువుకుంటారులే" అన్నాడు.

మార్చి 13

అక్క పరీక్షకి పేరిచ్చింది. ముందు మాట్లాడి, ఆలోచించుకోనిచ్చి, తర్వాతే రక్తం తీస్తారట. నా సంగతి అడిగింది.

"నా రక్తం ఎవడికీ ఇవ్వను. రేపు దాన్ని పట్టుకుని కేసు కొట్టేయిస్తారు."

"పోస్టరులో నాన్న ఫొటో ఉన్నంతకాలం కేసు కొట్టెయ్యడానికి నీ రక్తం అక్కర్లేదురా. నాన్న రక్తం చాలు. ఆసుపత్రి కాగితం ఒకటి చూపించి వాళ్ళ లాయరు ఒక్క మాట అంటే అయిపోయింది. మొదటి పేరే అబద్ధమైతే కింద పేర్లన్నీ అబద్ధమంటారు. బాబాయ్ కడుపునొప్పి కూడా."

"సీసం అబద్ధమా?"

"కాదు. సీసం నిజం. బాబాయిది నిజం. అందుకే చెప్తున్నా. నీ అబద్ధం వాళ్ళ నిజాన్ని ముంచుతుంది."

అబద్ధం అంది. నన్ను! నేను ప్లేటు విసిరేశాను. అన్నం గోడంతా అంటుకుంది. నాన్న భయపడ్డాడు. కుర్చీలో మొత్తం కదిలిపోయాడు, చేతులూ మెడా కాళ్ళూ, గాలివానలో బట్టలతాడులా.

అక్క ప్లేటు ముక్కలు ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "నాన్నకి ముందు వచ్చింది వణుకు కాదు, నీకు గుర్తులేదు. కోపం. నువ్వు చిన్నవాడివి. అంతకుముందు ఆయన గొంతెత్తిన మనిషి కాదు."

మార్చి 14

నా కోపం నాది.

అన్యాయం చూసి వచ్చే కోపం. చదివి తెచ్చుకున్న కోపం. కాగితాలు చదివి, వీధులు చూసి, బాబాయ్ చిగుళ్ళు చూసి తెచ్చుకున్నది. ఎవరి రాతలోనో ఒకే మాట మళ్ళీ మళ్ళీ పడటం వల్ల వచ్చింది కాదు. కాదు.

మార్చి 14

నా కోపం నాది.

మార్చి 15

షాపులో ఉద్యోగం పోయింది. ఒకతను పెళ్ళి శుభలేఖ కాపీలు వంకరగా వచ్చాయన్నాడు. స్టాప్లర్ విసిరాను. తగలలేదు. తగలకపోవడమే మంచిదయింది. ఓనరు మంచివాడే, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు బాబూ" అన్నాడు.

కాపీలు నిజంగానే వంకరగా వచ్చాయి. మిషన్ బాగానే ఉంది. కాగితం నేను సరిగ్గా పెట్టలేదు.

మార్చి 16

నేను మంచివాణ్ణా, లేక జబ్బుమనిషినా? ఇది అడగడానికి ఎవరూ లేరు. నా చేతికొచ్చిన ప్రతి కరపత్రమూ చదివాను. ఏ ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు లేదు. తప్పంతా సమాజానిదే అని ఒకటి, తప్పంతా తిండిదే అని ఇంకొకటి, పాపాలదని మరొకటి. తప్పు ఎవరిదీ కానప్పుడు ఏం చెయ్యాలో ఎవడూ అచ్చు వెయ్యలేదు.

అందరి మీదా ఒకటే దుమ్ము. అన్ని కణాల్లోనూ ఒకటే తప్పు. నేనూ అక్కా ఒకే తండ్రికి పుట్టాం. బొమ్మా బొరుసా.

చావాలనిపించింది కాసేపు. రాస్తున్నాను, ఎందుకంటే రాస్తే అది చిన్నదవుతుందేమోనని. అక్కతో చెప్పాను. అక్క క్లాసు మానేసి, నన్ను బండిలో పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పింది. ఒక సిగ్నలు దగ్గర, "రేపు కూడా ఇదే టైముకి వస్తావు. వచ్చేదాకా నేను బండి తియ్యను" అంది.

మార్చి 17

వెళ్ళాను.

మార్చి 19

రేపు లేబరాఫీసులో మా అర్జీ మీద విచారణ.

నాన్న దగ్గర కూర్చుని అంతా చెప్పాను. పోస్టరు నుంచి ఆయన్ని తీసెయ్యాలని. తీసేస్తే అందరూ తాగుబోతనే అనుకుంటారేమోనని. నాన్న నా మోకాలి మీద చెయ్యి పెట్టాలని చూశాడు. చెయ్యి వచ్చింది, దాటిపోయింది, మళ్ళీ వచ్చింది.

"తీసెయ్," అన్నాడు. "ఫొటోలో... నేను... బాలేను."

మార్చి 20

లేబరాఫీసరు గదిలో పొడుగు బల్ల. అటు మేనేజరు, లాయరు. ఇటు బాబాయ్, కొలిమివాళ్ళు, నేను. అక్క గుమ్మం దగ్గర నిలబడింది. లాయరు ముందు ఒక ఫైలు మూసి ఉంది. అందులో ఏముందో నాకు తెలియదు. తెలిసినట్టే అనిపించింది.

ఆఫీసరు అర్జీ తెరిచి, "మొదటి పేరు ఎవరిది?" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. బాబాయ్ మోచేత్తో పొడిచాడు, లేచి మాట్లాడరా అని. ఇలాంటి రోజు కోసం అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు ఉపన్యాసం చెప్పుకున్నానో.

"మొదటి పేరు కొట్టెయ్యండి సార్" అన్నాను.

ఆఫీసరు అర్జీ మీంచి తల ఎత్తాడు.

"మా నాన్న జబ్బు సీసం వల్ల వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చింది. మా తాతకీ ఉండేది. ఆయన తాగుబోతు కాదు, మా నాన్నా కాదు. డాక్టరు చెప్పింది. పోస్టరులో నేను వేసింది తప్పు. తెలియక వేశాను, తెలిశాక కూడా ఉంచాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "వంశపారంపర్యమా? అయితే నీక్కూడా వస్తుందన్నమాట. అందుకేనా ఇన్నాళ్ళూ ఈ చిందులు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్ళగ్లాసు నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. చెయ్యి లేచింది. గుమ్మం దగ్గర అక్క కనిపించింది. కుడికాలు నేలని గట్టిగా నొక్కుతోంది, అక్కడేదో ఉన్నట్టు.

గ్లాసు కింద పెట్టాను. కొన్ని నీళ్ళు ఒలికాయి.

"రావచ్చు," అన్నాను. "నాకింకా తెలియదు. కానీ వీళ్ళ ఒంట్లో ఉన్నది మా తాత ఇచ్చింది కాదు. వీళ్ళని చూడండి సార్."

నేర్చుకున్న నినాదాలన్నీ ఎటో పోయాయి. కూర్చున్నాను.

లాయరు ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టి, బాబాయిని చేతులు ముందుకు చాపమన్నాడు. బాబాయ్ చాపాడు. మణికట్లు రెండూ విరిగిన కొమ్మల్లా కిందికి వేలాడాయి.

"వేళ్ళు పైకెత్తండి."

"అదే రావట్లేదు సార్. ఒక్కోసారి కుడిది కొంచెం వస్తుంది. ఇవాళ అదీ అలిగింది."

ఆఫీసరు కుర్చీలోంచి లేచొచ్చి ఆ చేతులు పట్టుకుని చూశాడు. తర్వాత ఒక్కొక్కళ్ళనీ పేరుపేరునా పిలిచి చిగుళ్ళు చూశాడు. ఎల్లుండి రక్తం తీసేవాళ్ళతో షెడ్డుకి తనే వస్తానన్నాడు. అప్పటిదాకా కొలిమి వెలిగించొద్దని మేనేజరుకి చెప్పాడు. మేనేజరు నవ్వడం మానేశాడు.

మెట్ల మీద కొలిమివాళ్ళు నా భుజం తట్టారు. బాబాయ్ తట్టలేదు.

"నీకెప్పుడు తెలుసు?"

"రెండో విడత పోస్టర్లకి ముందే."

"అంటే తెలిసి కూడా నాచేత జిగురు పూయించావు." గొంతు పెంచలేదు. "చేతులు లేవకపోయినా ఎత్తానురా. మీ నాన్న కోసం కదా అని ఎత్తాను."

వెళ్ళిపోయాడు. కాలిబాట మీద కూర్చుండిపోయాను. గెలిచినట్టుంది, మనిషిని పోగొట్టుకున్నట్టుంది.

మార్చి 21

పోస్టర్లు పీకాను. అక్క కూడా వచ్చింది. సగం ఎత్తులో ఉన్నవి తేలిగ్గా వచ్చాయి.

డాక్టరమ్మకి ఫోను చేశాను. నా పేరు కూడా రాసుకోమన్నాను. "ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నావ్?" అంది. వచ్చేవారం చెప్తానన్నాను. వచ్చేవారానికి తెలుస్తుందేమో నాకే.

మార్చి 22

పొద్దున్నే పిన్ని కబురు పంపింది, బాబాయ్ రమ్మంటున్నాడని. పరిగెత్తుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి పిన్ని పనికి వెళ్ళిపోయింది. బాబాయ్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, ముందంతా తెరుచుకునే ఉంది.

"ఆఫీసరొస్తున్నాడు. ఇలా వెళ్తే బాగోదు. గుండీలు పెట్టు."

"పిన్ని పెట్టేది కదా బాబాయ్."

"పెడతానంది. నేనే వద్దన్నాను. నువ్వు పెడతావా, లేక ముందు ఉపన్యాసం ఏదన్నా ఉందా?"

"బాబాయ్, నేను..."

"ఉందన్నమాట. తర్వాత విందాంలే. కానీ."

నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. పై గుండీ పట్టింది. రెండోదీ పట్టింది. మూడోది వేలి కిందనుంచి జారింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. కాజా బిగుతుగా ఉంది బాబాయ్ అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఆయన తల వంచి నా వేళ్ళ వైపు చూస్తున్నాడు. ఆయన చేతులు ఆయన తొడల మీద పడి ఉన్నాయి.

"తొందరేం లేదు," అన్నాడు బాబాయ్. "మెల్లగా పెట్టు."

కంగారో, ఇంకేదో. నాకు తెలియదు. ఆ చొక్కా మాత్రం చాలా పాతది. కాజాలన్నీ సాగిపోయి వదులుగా ఉన్నాయి.

మిగతావి కూడా పెట్టాను. ఇద్దరం షెడ్డుకి నడిచాం.